మోకాలికి బొట్టుబిళ్ళ

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో గాజులూ రిబ్బన్లూ అమ్మే ఇరుకు దుకాణం ఒకటుంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీద, రిక్షాల మధ్య నిలబడాల్సిందే. పోయిన నెల ఒక ఆదివారం జడపిన్నుల కోసం అక్కడికి వెళ్ళాను. కొట్టాయన పిన్నులు కాగితంలో చుడుతూ చుడుతూ ఆగి, నన్ను ఎగాదిగా చూసి, బెంగాలీ కలిపిన హిందీలో ఒక ప్రశ్న వేశాడు.

“దీదీ, మీరు తెలుగువాళ్ళే కదా. తెల్లచీర, కాన్వాసు బూట్లు, మెడలో ఈల. సైకిల్ మీద ఒక పెద్ద దీదీ వచ్చేవారు. ఇప్పుడు రావడం లేదేం?”

వానాకాలంలోనే పోయారని చెప్పాను. ఆయన “అరెరే” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎన్నాళ్ళనుంచో కడుపులో దాచుకున్న అనుమానం బయటపెట్టాడు.

“పోయిన మనిషి గురించి అడక్కూడదేమో. కానీ ఆమె నుదుట నేనెప్పుడూ బొట్టు చూడలేదు. చర్చికి వెళ్ళే మనిషి. మరి నా దగ్గర ఏళ్ళ తరబడి పెద్ద ఎర్ర బొట్టుబిళ్ళలు కొన్నారే, అవి ఎవరికి?”

నాకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెబుదామని నోరు తెరిచేలోగా పెళ్ళి బేరం వాళ్ళు గుంపుగా వచ్చిపడ్డారు. కొట్టాయన సొరుగులోంచి బిళ్ళల ప్యాకెట్ ఒకటి తీసి నా సంచిలో పడేశాడు. “ఆమె కోసం విడిగా పెట్టింది. ఈ సైజు ఇప్పుడు ఎవరూ అడగరు. మీరు ఉంచుకోండి” అని గాజుల వైపు తిరిగిపోయాడు. ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను.

నాది బాపట్ల వైపు. ఉద్యోగం క్యాంపస్ లైబ్రరీలో. ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో నాకు తెలిసిన దారి ఒక్కటే, గదినుంచి లైబ్రరీకి. సైకిల్ కొనుక్కున్నాకే ఊరు నాదైంది. ఎర్రమట్టి సందులు, రైల్వే క్వార్టర్ల వెనక జామచెట్లు, ఎక్కడో ఒకచోట హఠాత్తుగా వినిపించే తెలుగు మాట, ఇవన్నీ సైకిల్ చూపించినవే. ఏడాది తిరిగేసరికి రెండు మోకాళ్ళూ సలపడం మొదలుపెట్టాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. డాక్టరు మందులు రాసి, సైకిల్ మానేస్తే మంచిదన్నారు. మళ్ళీ గది, లైబ్రరీ, గది. సైకిల్ అమ్మకానికి పెడదామా అని దిగులుగా తిరుగుతున్న రోజుల్లో, పూరీ గేట్ దగ్గర నా వెనక ఈల మోగింది.

పోలీసనుకుని ఠక్కున ఆగిపోయాను. “అమ్మో” అనేశాను పైకే.

“తెలుగు గుంటవా! బతికించినావు. హిందీలో తిట్టీసరికి నాకు సగం కోపం ఒదిలీసి పోతాది.”

పక్కన ఒక నల్లటి పాత లేడీస్ సైకిల్ మీంచి దిగుతోంది ఆవిడ. తెల్లచీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా చీలమండ దగ్గర బట్టలారేసే క్లిప్పు పెట్టుకుంది. ఎముకలు తేలిన మొహం. నా మొహం వైపు మాత్రం చూడలేదు. నా కాళ్ళ వైపే చూస్తోంది.

“సీటు మీద కూకునే ఉన్నావు. రెండు పాదాలూ నేలకి ఆనించీసినావు. ఇది సైకిలేటి, ముక్కాలి పీటేటి?”

“పడిపోకుండా ఉంటుందని…”

“మోకాళ్ళు నొప్పి పెడతన్నాయా?”

నేను తెల్లబోయాను.

“ముందు పక్కనా, ఎనక పక్కనా?”

“ముందు.”

“మరింకేటి! సీటు కిందకుంటే మోకాలు ముడుసుకునే పని సెయ్యాల. ముందు పక్కే ఏడుస్తాది. ఆదివారం ఆరాధన అయినాక తెలుగు చర్చి ఆవరణలోకి రా. పానా తెచ్చుకో. నా పానా నాను ఎవలికీ ఇవ్వను.”

నా పేరు అడగలేదు, తన పేరు చెప్పలేదు. గబుక్కున ఎక్కి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం నేను నిలబడి చూశాను. నేలమీద కాస్త ముందుకు వంగి నడిచే మనిషి, సైకిల్ ఎక్కేసరికి వయసంతా ఎక్కడో దింపేసినట్టు ఉంది. భుజాలు బిగుసుకుని లేవు, మోచేతులు కొంచెం వంగి ఉన్నాయి, తల కదలడం లేదు.

తర్వాత విచారిస్తే తెలిసింది. ఆవిడ రైల్వే పిల్లలు చదువుకునే ఒక బడిలో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది. తాతలు శ్రీకాకుళం వైపునుంచి రైల్వే కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. సుభాష్‌పల్లిలో తమ్ముడి ఇంట్లో ఉండేది. ఊళ్ళో తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో నడివయసు దాటినవాళ్ళు కూడా ఒకప్పుడు ఆవిడ ఈల ముందు ఎండలో నిలబడ్డవాళ్ళే. మనవల్ని ఎత్తుకున్న పెద్దమనుషులు ఆవిడ సైకిల్ ఎదురైతే పొట్ట లోపలికి లాక్కోవడం నేను కళ్ళారా చూశాను.

ఆదివారం పానా పట్టుకుని వెళ్ళాను. చర్చి ముందు చదునైన మట్టినేల. ఆవిడ సంచిలోంచి బొట్టుబిళ్ళల ప్యాకెట్ తీసి, నా రెండు మోకాలి చిప్పల మీదా, లెగ్గింగు గుడ్డపైనే, ఒక్కో ఎర్రబిళ్ళ అంటించింది. తర్వాత వెనక్కి తిప్పి నడుం కింద అటూ ఇటూ ఒక్కోటి. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

“నా వైపు తొక్కుకుంటూ రా. నన్ను సూడకు, దూరం సూడు. ముందుసక్రం ఏటి సేస్తందో నీకెందుకు? అది ఎక్కడికీ పారిపోదు.”

గేటు దగ్గర చతికిలబడి, ఆవిడ నా మోకాళ్ళ మీది బిళ్ళల్నే చూసేది. బిళ్ళ కుట్టుమిషను సూదిలా తిన్నగా పైకీ కిందకీ పోవాలి. నా కుడిది పోతోందట. ఎడమది సైకిల్ వైపుకి వంగి మళ్ళీ బయటికి వస్తోందట. పాదం మధ్యభాగం పెడల్ మీద పెడుతున్నానని కనిపెట్టి, వేళ్ళ వెనక ఉబ్బెత్తు భాగం అక్కడుండాలని బూటు పట్టుకుని జరిపింది. సీటు ఎత్తు చూడ్డానికి నన్ను గోడ పట్టుకుని కూర్చోబెట్టి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద పెట్టమంది. కాలు అప్పుడు తిన్నగా సాగాలి. నాది సగంలోనే మడతపడి ఉంది. ఆఖరికి మెడలో ఈల తీసి దాని తాడు నా మోకాలి దగ్గర పట్టుకుని కిందికి వేలాడదీసింది. పెడల్ ముందుకొచ్చి నేలకు సమంగా ఉన్నప్పుడు ఈల సరిగ్గా పెడల్ ఇరుసు మీదికి రావాలి. రాకపోతే సీటు ముందుకో వెనక్కో జరపాలి.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారండీ?” అని అడిగాను. నేను లైబ్రరీ మనిషిని, ప్రతిదానికీ మూలం కావాలి.

“మా అమ్మ జాకెట్లు కుట్టీది. కొలత తియ్యకుండా కత్తెర పట్టీది కాదు. ఇంకొకలి జాకెట్టు నువ్వు ఏసుకుంటావేటి? మరి ఇంకొకలి సైకిలెందుకు తొక్కుతన్నావు?”

“ఇది నాదేనండీ, కొత్తది కొన్నాను.”

“కొన్నావు. నీది అవనేదు ఇంకా.”

ఇంకోసారి అడిగితే పుస్తకంలో చదివానంది. మరోసారి అడిగితే పిల్లల్ని చూసి చూసి వచ్చిందంది. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

సీటు ఒకేసారి లేపనివ్వలేదు. వారానికి ఒక వేలి మందం. ఒళ్ళు అలవాటు పడాలట. రెండో వారానికే ఆగినప్పుడు నా పాదాలు నేలకు అందక గుండె జారిపోయింది. అప్పుడు ఆగడం నేర్పింది. రెండు బ్రేకులూ మెల్లగా కలిపి నొక్కు, సీటు మీంచి ముందుకి దిగు, ఒక కాలు నేల మీద పెట్టు. “సీటు కూకోడానికి. నిలబడ్డానికి నేల ఉన్నాది. రెండూ ఒక్కసారే కావాలంటే ఎలగ?” అనేది. వానలు మొదలయ్యేసరికి నేను మెట్లు గోడ పట్టుకోకుండా దిగుతున్నాను. ఆ సంతోషం చెప్పడానికి పరుగున వెళ్తే, నా మొహం చూసి ఎవరన్నట్టు నిలబడింది. కళ్ళు కిందికి దించాక గుర్తుపట్టింది. “ఓహో, ఎడం మోకాలు గుంట!” ఆవిడకి మొహాలు గుర్తుండవు. ఊరంతా ఆవిడ లెక్కలో మోకాళ్ళే.

ఈ బిళ్ళల వల్ల ఆవిడ మీద ఒక మాట పుట్టింది. బొట్టు పెట్టుకోని ఇంటి మనిషి గోల్‌బజార్‌లో బొట్టుబిళ్ళలు కొంటోందని ఎవరో చూసి వచ్చారు. టీచరమ్మ రహస్యంగా ఏదో పూజ చేయిస్తోందని ఒకరు, మతం మారబోతోందని ఒకరు. ఇంటికొచ్చి చల్లగా అడిగారు పాస్టరుగారు, “టీచరమ్మా, మీ గురించి సంఘంలో ఒక మాట ఒచ్చినాదండి” అని. ఆవిడ “పంట్లాం మడవండి పాస్టరుగారూ” అందట. చిన్నప్పుడు ఈల ముందు నిలబడ్డ అలవాటేమో, ఆయన మడిచారు. రెండు బిళ్ళలు అంటించి వీధిలో ఆ చివరనుంచి ఈ చివరకు తొక్కించింది. ఆ తర్వాత మాట ఆగిపోయింది, పాస్టరుగారి సీటు రెండు వేళ్ళు పైకి లేచింది.

అయినా చర్చిలో ఆవిడకి సుఖం లేదు. అందరూ కీర్తనని సాగదీసి సాగదీసి పాడతారని ఆవిడ కోపం. వెనక బెంచీలో కూర్చుని తొడమీద చేత్తో వేగంగా దరువు వేస్తూ ఉండేది. తొక్కడం గురించీ అదే మాట. నాకు పెద్ద గేరులో బలంగా, నెమ్మదిగా తొక్కే అలవాటు. అది కష్టపడుతున్నట్టు అనిపిస్తుంది కదా, ఏదో సాధిస్తున్నట్టు. “నీరసంగా ఈడుస్తన్నావు. తేలిక గేరు ఏసుకుని కాళ్ళు గుండ్రంగా, బేగి బేగి తిప్పు. కీర్తన ఈడ్చకూడదు, పెడలూ ఈడ్చకూడదు” అనేది. గేర్లున్న సైకిలంటే మాత్రం ఆవిడకి మంట. సోమరిపోతుల కోసం పుట్టిందనేది. గేరు మార్చమని నాకు చెప్పేదీ ఆవిడే, గేర్లని తిట్టేదీ ఆవిడే. ఇదేమిటని అడిగితే ఈల ఊదేసేది.

ఒక్క మనిషి దగ్గర ఆవిడ పప్పులుడకలేదు. గోల్‌బజార్‌లో సైకిల్ వెనక బుట్ట కట్టుకుని చేపలమ్మే ఒక బెంగాలీ దాదా. సీటు అట్టడుగుకి దించుకుని, మోకాళ్ళు రెండు పక్కలకీ విప్పుకుని తొక్కుతాడు. ఆవిడ చూసి తట్టుకోలేకపోయేది. సీటు పైకెత్తమని బెంగాలీలో గదిమేది. అతను నవ్వి, “దీదీ, వెనక ఇంత బరువుంది. రద్దీలో ఆగినప్పుడు నా రెండు కాళ్ళూ నేలకు అందకపోతే చేపలన్నీ రోడ్డుమీదే” అనేవాడు. “తప్పు తప్పే” అనేది ఆవిడ. చేప కొనకుండా వచ్చేసేది. తర్వాత వారం మళ్ళీ అతని దగ్గరే కొనేది, మళ్ళీ గదిమేది.

ఇలా నేను ఆవిడ వెనక తిరుగుతూ ఉండగా, ఒక చలికాలం ఉదయం ఆవిడ పడిపోయింది. పూరీ గేట్ దగ్గర టోటో, అదే బ్యాటరీ రిక్షా, అడ్డమొస్తే ఆగబోయి, ఆగలేక పక్కకు ఒరిగిపోయిందట. మణికట్టు బెణికింది, మోచెయ్యి చీరుకుపోయింది. తమ్ముడు ఆ సాయంత్రమే సైకిల్ని వసారాలో కిటికీ ఊచకు గొలుసేసి తాళం పెట్టాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. నెమ్మదైన మనిషి. అక్కగారి మాటకు ఎదురు చెప్పడం ఎవరూ విననివాడు. ఈసారి మాత్రం కదల్లేదు.

ఆయనే ఫోన్ చేశాడు. “అమ్మా, అప్ప నిన్ను రమ్మంటంది. నాతోటి మాటాడ్డం నేదు.” శ్రీకాకుళం వైపు వాళ్ళకి అక్క అంటే అప్ప.

వెళ్తే ఆవిడ మంచమ్మీద కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. “నా సైకిల్ జైల్లో ఉన్నాది, సూసినావా?”

“అప్పా, టోటోలో తీసుకెల్తాను గదా చర్చికి,” అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. “ఎముక ఇరిగితే ఎవలు సూస్తారు? ఈ వయసులో అతుకుద్దా?”

“టోటోలో మోకాళ్ళు మడుసుకుని బస్తానాగ కూకోవాలేటి? నా కాళ్ళతోటి ఎల్లీ దారి అది ఒక్కటే మిగిలినాది నాకు. బడి పోయినాది, మైదానం పోయినాది. ఆదివారం ఆ దారి కూడా తీసీస్తావా?”

ఆ గొంతులో ఈల లేదు. నాకు భయమేసింది. ఆవిడ బతిమాలడం నేను అంతకు ముందు వినలేదు.

ఒప్పందం ఆవిడే చెప్పింది. చెయ్యి బాగయ్యాక నేను పరీక్ష చెయ్యాలి. ఆవిడ తొక్కొచ్చని నేనంటే తాళం తియ్యాలి. తొక్కకూడదంటే సైకిల్ అమ్మెయ్యాలి. తమ్ముడు నన్ను గేటు దాకా సాగనంపుతూ, “దయ సూసి అబద్ధం సెప్పకమ్మా. మా అప్ప నాకు ఒక్కర్తే” అన్నాడు.

పరీక్ష రోజు ఆవిడ పాత ట్రాక్ ప్యాంటు వేసుకుని వచ్చింది. బిళ్ళలు తనే నా చేతికిచ్చింది. ఆవిడ మోకాళ్ళకి రెండు, నడుం కింద రెండు అంటించాను. సుభాష్‌పల్లి సందులో అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను చివర చతికిలబడ్డాను. ఆవిడ నా వైపు తొక్కుకుంటూ వచ్చింది. మోకాళ్ళ మీది బిళ్ళలు రెండూ తిన్నగా పైకీ కిందకీ. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత వెనకనుంచి చూశాను. నడుం కింద బిళ్ళలు రెండూ తక్కెడ పళ్ళేల్లా ఒకటి లేస్తే ఒకటి దిగుతున్నాయి. పెడల్ అందుకోవడానికి ప్రతి తొక్కుకీ ఆవిడ ఆ పక్కకి ఒరుగుతోంది. ఆవిడ నాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి. నడుం ఊగిందంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టు. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగబోయి, దిగలేక, కాలివేళ్ళతో నేల వెతుక్కుంది.

“ఏటి? నోరు పడిపోనాదా?”

“మీ సీటు ఎత్తుగా ఉంది.”

“ఆ సీటు కొలిసింది నాను.”

“ఎప్పుడు కొలిచారు?”

ఆవిడ హ్యాండిల్ పట్టుకుని సైకిల్ని గోడ పక్కకి నడిపించింది. బడిలో చేరిన కొత్తలో కొన్న సైకిలది. అప్పుడే కొలిచి బిగించింది. ఆ తర్వాత ఊరందరికీ ఈల తాడు వేలాడదీసి కొలతలు తీసింది గానీ, తనకి మళ్ళీ తీసుకోలేదు. ఈలోగా నడుం వంగింది, మోకాళ్ళు మునుపటంత సాగడం మానేశాయి. నేను చెప్పలేదు ఇదంతా. ఆవిడ గోడ పట్టుకుని సీటెక్కి, మడమ పెడల్ మీద పెట్టి తనే చూసుకుంది. మడమ పెడల్‌కి అందలేదు.

“అయితే అమ్మీడమేనా?” అన్నాడు తమ్ముడు. గెలిచిన మొహం కాదు ఆయనది.

“అక్కర్లేదు అంకుల్. సీటు దించితే తొక్కొచ్చు. రెండు పాదాలూ నేలకు ఆనేంత దించితే పడరు.”

ఆ మాట అని ఆవిడ వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. రెండు పాదాలూ నేలకి ఆనినందుకే కదా నడిరోడ్డు మీద ఈల ఊది నన్ను దింపింది.

దించడం కూడా సుళువు కాలేదు. అన్నేళ్ళు కదలని సీటు గొట్టం ఫ్రేములో తుప్పుతో కరుచుకుపోయింది. పూరీ గేట్ దగ్గర మెకానిక్ కిరసనాయిలు పోసి ఒక రోజంతా నానబెట్టాడు. మర్నాడు సీటు పట్టుకుని మెలితిప్పితే కీచుమని అరిచి కదిలింది. గొట్టం మీద ఫ్రేము మూతి ఉండే చోట గుండ్రంగా ఒక తుప్పు గీత పడి ఉంది. దించుతుంటే ఆ గీత మెల్లగా లోపలికి దిగి కనబడకుండా పోయింది. ఆవిడ అటు తిరిగి టీ తాగుతోంది.

ఎక్కి కూర్చుంది. రెండు కాన్వాసు బూట్లూ నేలమీద పూర్తిగా ఆనాయి. “ముక్కాలి పీట,” అంది తనే. ఇంకాసేపు చూసి, “మోకాళ్ళు ముందుపక్క నొప్పెడతాయి. పెట్టనీ. నొప్పెడితే ఉన్నాయని తెలుస్తాది” అంది. నేరుగా గోల్‌బజార్ వెళ్ళి ఆ చేపల దాదా ముందు ఆగింది, సీటు మీంచి దిగకుండానే. అతను ఆవిడ పాదాలు చూశాడు, ఆవిడ అతని పాదాలు చూసింది. “నువ్వు చెప్పింది సరైందే దాదా” అని బెంగాలీలో చెప్పింది. ఆ రోజు అతను చేప తోకవైపు కాకుండా నడుంవైపు కోసిచ్చాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ సైకిల్ మీద ముందు, తమ్ముడు టోటోలో వెనక. టోటోవాడికి ఆవిణ్ణి దాటవద్దని ఆజ్ఞ. టోటో వెనక ఆటోలు హారన్లు కొట్టేవి, తమ్ముడు చెయ్యి బయటపెట్టి ఆగమని సైగ చేసేవాడు, పాత గార్డు కదా. రెండు చలికాలాలు అలా వెళ్ళారు. ఈ వానల్లో జ్వరం వచ్చి, నాలుగు రోజులు మంచంలో ఉండి కన్నుమూసింది. సైకిల్ మీంచి మళ్ళీ పడలేదు. నేను అప్పుడు బాపట్లలో ఉన్నాను. కడచూపు దక్కలేదు నాకు. వచ్చాక ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి ఎక్కువసేపు కూర్చోలేక లేచి వచ్చేశాను.

బొట్టుబిళ్ళలు సంచిలో పడ్డ ఆ ఆదివారం మాత్రం, బజారునుంచి ఇంటికి కాకుండా తిన్నగా సుభాష్‌పల్లికి తొక్కాను. సైకిల్ వసారాలోనే ఉంది. గొలుసు లేదు. తమ్ముడు బయటికొచ్చి, నా చేతిలో ప్యాకెట్ చూశాడు.

“నీకెలగ తెలిసినాది?” అన్నాడు.

“ఏమిటి అంకుల్?”

“నిన్ను పిలుద్దావనే అనుకుంటన్నాను. టోటో ఎక్కితే ముందు సైకిల్ కనపడదు. రోడ్డంతా కాళీగుంటాది. మూడు వారాలు సూసినాను, నా వల్ల అవ్వడం నేదు. నానే తొక్కుకుని ఎల్తాను. లేడీస్ సైకిలని నవ్వితే నవ్వనీ. సీటు కిందకున్నాది నాకు. మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటన్నాయి. కొలుస్తావా?”

పానా తెచ్చాడు. ఆవిడ పానా. గూట్లోంచి ఈల కూడా తెచ్చి నా చేతిలో పెట్టాడు. గోడ పట్టుకుని కూర్చున్నాడు. మడమ పెడల్ మీద పెట్టించాను. కాలు తిన్నగా సాగేదాకా సీటు కొంచెం కొంచెం పైకి లాగుతూ పోయాను. కాలు సాగింది. బోల్టు బిగించబోతూ చూస్తే, లోపలికి వెళ్ళిపోయిన ఆ తుప్పు గీత పైకి వచ్చి సరిగ్గా ఫ్రేము మూతి దగ్గర నిలబడి ఉంది.

“ఈ గీత ఏటమ్మా?”

“టీచరమ్మ పాత ఎత్తు అంకుల్. మనం దించకముందు సీటు ఇక్కడే ఉండేది.”

ఆయన దిగి, సీటు పక్కన నిలబడి, అరచెయ్యి సీటుమీద ఆనించి, ఆ చేతిని అదే ఎత్తులో తన నడుం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

“అయితే మా అప్పవి నాయంత కాళ్ళన్నమాట,” అన్నాడు. “సిన్నప్పుడు కేరియర్ మీద కూకోబెట్టుకుని బడికి తీసుకెల్లీది. ఎనకనుంచి సూస్తే ఆవిడ ఈపు తప్ప ఏటీ కనపడీది కాదు. నాను సిన్నోణ్ణి కాబట్టి అలగ అనిపించీదనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే పొడుగు మనిషమ్మా. ఆఖర్న ఒంగిపోయిన మనిషే గుర్తుండిపోనాది నాకు.”

మొహం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. తర్వాత ఆయనే పంట్లాం మోకాళ్ళ పైదాకా మడిచి, “ఎర్రయి ఎట్టు” అన్నాడు.

మోకాళ్ళకి రెండు, నడుం కింద రెండు అంటించాను. ఈల తాడు మోకాలినుంచి వేలాడదీసి చూశాను, పెడల్ ఇరుసు మీదికే వచ్చింది. ఈల తిరిగి ఇస్తే ఆయన మెడలో వేసుకున్నాడు. సందులోకి తొక్కుకుంటూ వెళ్ళాడు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. నడుం బిళ్ళలు రెండూ సమంగా ఉన్నాయి, ఊగడం లేదు. మలుపు దగ్గర ఎదురుగా టోటో వచ్చింది. ఆయన ఈల ఊదాడు.

సందులో రెండు మూడు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి గబుక్కున లేచి, పొట్ట లోపలికి లాక్కుని, నిటారుగా నిలబడ్డాడు.